నిరీక్షణలో కాయకము

ఫిబ్రవరి మాసపు చివరి దినములు. జహీరాబాదు ప్రాంతమున, బొంబాయి రహదారికి కొంత దూరముగా నున్న ఒక గ్రామములో, ఒక లింగాయత గృహమున వేకువ మూడున్నర గంటలకే రెండు వెలుగులు కనిపించుచుండెను. ఒకటి పూజగదిలోని నూనెదీపము. రెండవది పక్క గదిలోని ఫోను వెలుతురు. పూజగదిలో ఎనుబదియేండ్ల అవ్వ విభూతి ధరించి, ఎడమ అరచేతిలో ఇష్టలింగమును నిలుపుకొని, రెప్ప వేయక చూచుచుండెను. పక్క గదిలో ఆమె మనుమరాలు, ఇరువది యైదేండ్ల యువతి, తన అరచేతిలోని ఫోనును అట్లే రెప్ప వేయక చూచుచుండెను.

ఆ యువతి డిసెంబరు, జనవరి మాసములలో అమెరికా దేశమందలి ఐదు విశ్వవిద్యాలయములకు దరఖాస్తులు పంపినది. ఎమ్‌.పి.పి. అను రెండేండ్ల పట్టము కొరకు, అనగా ప్రజావిధాన శాస్త్రము కొరకు. నిర్ణయములు ఫిబ్రవరి, మార్చి మాసములలో వెలువడును. అక్కడి తూర్పుతీరమున సాయంకాలము 5 గంటలైనప్పుడు ఇక్కడ మరునాటి వేకువ 3.30 గంటలు. కార్యాలయములు మూయు వేళకు ఉత్తరములు పంపుదురని ఎవరో చెప్పగా విని, ఆమె మూడు వారములుగా ఆ వేళకు లేచి కూర్చుండుచున్నది. రాత్రి నిద్ర లేదు, పగలు పని లేదు.

అవ్వ పూజ ముగించి, లింగమును తిరిగి మెడలో ధరించి, గది గడపవద్ద నిలిచి అడిగినది.

"ఏం చూస్తున్నవు బిడ్డా?"

"ఉత్తరం వచ్చిందేమోనని, అవ్వా."

"నిన్న చూసినవు గద."

"నిన్న రాలేదు."

అవ్వ కొంతసేపు ఊరకుండి, "నేను గూడ రోజూ చూస్తనే ఉన్న. ఏమన్న రావాలని మాత్రం చూడను" అని వంటింటిలోనికి పోయినది.

ఆ ముసలమ్మ చదివినది మూడవ తరగతి. ఆమె చెప్పిన భేదము మాత్రము శరణమార్గమున మొదటి పాఠము. కరస్థలమున లింగమును నిలిపి చూచువాని చూపు ఫలము కొరకు కాచుకొనదు. అందువలన చూచిన ప్రతి దినము ఆ దినమునకు నిండియుండును. ఫలము కొరకు కాచుకొను చూపునకు ఫలము రాని ప్రతి దినమును వ్యర్థమే. అట్టివారికి ఫిబ్రవరి లేదు, మార్చి లేదు. ఉత్తరము వచ్చిన దినమొక్కటే ఉండును.

ఇట్టి నిరీక్షణము ఇప్పుడు ఎన్నియో యిండ్లలో ఉన్నది. వెనుక పట్టణములో కళాశాలకు పంపుటయే గొప్ప; నేడు లింగాయత కుటుంబముల బిడ్డలు సముద్రములు దాటుచున్నారు. వారిలో పెక్కుమంది యంత్రశాస్త్రమునకో కంప్యూటరు విద్యకో పోవువారు. ప్రజావిధానమునకు పోవువారు తక్కువ గనుక ఆ విద్య యేమిటో పెద్దలకు తెలిసియుండదు. ప్రభుత్వము ఏ పని చేయవలెను, దానికెంత వ్యయమగును, ఎవరికి మేలు ఎవరికి కీడు కలుగును, కాగితముపై వ్రాసినది గ్రామములో జరిగినదా లేదా అని అర్థశాస్త్రముతోను గణాంకములతోను పరిశీలించు విద్య యది. అమెరికాలో సిరక్యూసు విశ్వవిద్యాలయమందలి మాక్స్‌వెల్‌ పాఠశాల 1924లో వెలసినది. హార్వర్డులో నేడు కెనడీ పేర నున్న పాఠశాల 1936లో ఆరంభమైనది. దానికి 20 లక్షల డాలర్లు ఇచ్చిన దాత లిటావర్‌ అను చేతితొడుగుల వ్యాపారి. బర్కిలీలోని పాఠశాల 1969 నాటిది. తోలు కుట్టి అమ్మిన ధనము పాలనా విద్యకు పునాది యైనదన్నచో, హరళయ్యను శరణునిగా కొలుచువారికి అది వింతగా తోచదు.

ఇంతకును పాలనావిద్య శరణులకు పరాయిది కాదు. బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని కొలువులో భండారపు అధికారి. పొద్దున లింగపూజయు, పగలు రాజ్యపు లెక్కలును ఆయన కొక్క జీవితములోనివే. జంగమ దాసోహమునకు రాజధనమును వ్యయపరచుచున్నాడని గిట్టనివారు ఫిర్యాదు చేయగా, బిజ్జలుడు భండారమును లెక్కింపించెననియు, లెక్క సరిపోయెననియు పాల్కురికి సోమనాథుడు తెలుగు బసవపురాణమున చెప్పియున్నాడు. ఆ కథలో మహిమను చూచువారు మహిమను చూతురు. ప్రజల సొమ్ము చేతిలో నున్నవాడు అడిగిన క్షణమున పెట్టె తెరచి చూపవలెనను ధర్మము కూడ అందులోనే యున్నది.

ఆ యింట కలత ఒక్క యువతిది మాత్రమే కాదు. ప్రవేశము లభించినచో ఝరాసంగమున కేతకీ సంగమేశ్వరునికి రుద్రాభిషేకము చేయించెదనని తల్లి మ్రొక్కుకొన్నది. తండ్రి రెండెకరముల చెరకు పొలము కాగితములను అలమారనుండి తీసి, బ్యాంకు అప్పునకై ఒక సంచిలో వేసి ఉంచినాడు. 2025 మే నెలాఖరున అమెరికా ప్రభుత్వము విద్యార్థి వీసాలకు కొత్త ముఖాముఖి తేదీలిచ్చుట సుమారు మూడు వారములు నిలిపివేసిన సంగతి ఆయన మరువలేదు. ప్రవేశపత్రము వచ్చినను నిరీక్షణము అంతటితో తీరదని ఆయనకు తెలియును. పెండ్లిండ్లలో కలిసిన బంధువులు "అమ్మాయికి ఇంకా రాలేదా?" అని అడుగుట వేరొక శిక్ష. అడుగువారికి అది ఒక పలకరింపు మాత్రమే. వినువారికి ఆ పూట అన్నము సహించదు.

తల్లి మ్రొక్కును పరిహసింపరాదు. హైదరాబాదు సమీపమున చిలుకూరులో వీసా కొరకు ప్రదక్షిణములు చేయు బిడ్డలను పరిహసించుటయు తగదు. భయపడిన మనస్సు దేనినో పట్టుకొనును. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఇచ్చినచో అభిషేకము, ఇవ్వనిచో లేదు అనుట బేరము. బేరము చేసినవాడు ఫలము రానినాడు దేవునిపై అలుగును, వచ్చిననాడు లెక్క తీరినదనుకొని మరచును. రెండు విధముల నష్టపోవునది భక్తియే. అభిషేకము చేయించదలచినచో ఉత్తరము రాకముందే చేయించవచ్చును గదా! అవ్వ కోడలితో సరిగా ఆ మాటయే అన్నది. కోడలు రెండు దినములు ఆలోచించి, శివరాత్రి గడచిన తరువాతి సోమవారము ఝరాసంగమునకు పోయి వచ్చినది. ఏమి కోరుకొన్నదో ఎవరికిని చెప్పలేదు.

షట్‌స్థలములలో ప్రసాదిస్థలము మూడవది. వచ్చినదానిని ప్రసాదముగా స్వీకరించుట ప్రసాది లక్షణమని ఎల్లరును చెప్పుదురు. కాని ఈ మాటను సోమరులు తమకు తగినట్లు వాడుకొనుట కలదు. చదువక పరీక్ష తప్పినవాడు కూడ ఇది శివప్రసాదమనును. అది కాదు. లింగమునకు అర్పింపనిది ప్రసాదము కానేరదు. ముందు అర్పణము, తరువాత ప్రసాదము. దరఖాస్తుదారుని అర్పణమేది? నాలుగేండ్ల చదువు, మూడేండ్ల ఉద్యోగము, తన ఉద్దేశమును తెలుపు వ్యాసమును పది మారులు తిరగవ్రాయుట, సిఫారసు ఉత్తరములు వ్రాయు పెద్దలను నెల ముందుగా వినయముతో అడుగుట, ఆంగ్ల పరీక్ష వ్రాయుట. గడువు లోపల ఇవన్నియు పంపిననాడు అర్పణము ముగిసినది. అటుపిమ్మట వచ్చునది, అది స్వీకారమైనను నిరాకరణమైనను, ప్రసాదమను పేరునకు తగును. లోపమున్నచో అది అర్పణములో వెదకవలసినదే గాని ప్రసాదములో కాదు.

అక్కడ తూచునది ఏమిటో కూడ తెలిసికొనుట మేలు. ఎంపిక సంఘములో ఆచార్యులును ప్రవేశ విభాగపు ఉద్యోగులును కూర్చుందురు. వారికి ఒక్కొక్క మనిషి విలువ కట్టుట పని కాదు. ఒక తరగతిని కూర్చుట పని. వైద్యశాలలో పనిచేసినవారు కొందరు, సైన్యమునుండి వచ్చినవారు కొందరు, లెక్కలలో దిట్టలు కొందరు, పలు దేశములవారు కొందరు కావలెను. పెండ్లి వంటకు కూరలు కొనబోయిన వంటవాడు వంకాయలు లేతగా నున్నవని బండెడు వంకాయలే తీసికొనడు. మిగిలిపోయిన వంకాయలలో పురుగున్నదని దాని అర్థము కాదు. ఈ సంగతి తెలియక, నిరాకరణ పత్రమును తమ జన్మపత్రికగా చదువుకొని కుమిలిపోవు బిడ్డలున్నారు. వారి తలిదండ్రులు ఈ భాగమును మరియొకమారు చదువుట మంచిది.

ఇక ఆ గ్రామపు సంగతి. వీధి చివర ఒక వృద్ధురాలు ఒంటరిగా నివసించుచున్నది. ఆమెకు వృద్ధాప్య పింఛను నాలుగు నెలలుగా రాలేదు. జీవితమంతయు కలుపు తీసి, పత్తి యేరిన చేతులు గనుక వేలిరేఖలు అరిగిపోయినవి. వేలిముద్ర యంత్రము ఆమెను గుర్తింపలేదు. కార్యాలయమునకు పోయినప్పుడెల్ల మరల రమ్మనుచుండిరి. చదువుకొన్న అమ్మాయి ఊరిలో నున్నదని విని ఆమె మూడు మారులు ఆ యింటికి వచ్చినది. మూడు మారులును యువతి ఫోనునుండి తల యెత్తి, "రేపు చూద్దాం పెద్దమ్మా" అని పంపివేసినది.

అవ్వ పలికిన మాట ఆనాడంతయు యువతి చెవిలో మెదలుచుండెను. ఏమియు తోచక ఆమె తన ఉద్దేశ వ్యాసమును మరల తీసి చదివినది. ఐదు విశ్వవిద్యాలయములకు పంపిన వ్యాసమది. పింఛనులు అందవలసినవారికి ఎందువలన సకాలమున అందవు, వేలిముద్రలు కలియనిచో వారి గతియేమి, ఆ లోపమును సరిదిద్దుటకై తానెందులకు ఈ విద్య నభ్యసింపగోరుచున్నది అని అందులో ఎంతో చక్కగా వ్రాసియున్నది. చదువుచుండగా వీధి చివరి ఇల్లు కిటికీలోనుండి కనిపించుచునే యుండెను.

అంతకన్న ఎక్కువగా ఆమెను ఎవరును గద్దింపనక్కరలేకపోయినది. మరునాడు ఉదయము ఆమె ఆ వృద్ధురాలిని వెంటబెట్టుకొని కార్యాలయమునకు పోయి వరుసలో నిలిచినది. ఆమెకు ముందు ఇరువది ముగ్గురున్నారు. వారిలో ఒకడు భూమి పత్రము కొరకు, ఒకతె భర్త మరణ ధ్రువపత్రము కొరకు, మరియొకడు తన పేరులోని ఒక అక్షరము దిద్దించుకొనుట కొరకు వచ్చినవారు. ఒక్కొక్కరును ఎప్పటినుండి తిరుగుచున్నారని ఆమె అడిగి ఒక పుస్తకములో వ్రాసికొన్నది. ఆమె నిరీక్షణము మూడు వారములది. అక్కడ మూడు సంవత్సరములవారును ఉండిరి. పైగా వారి కెవరును తేదీ చెప్పలేదు.

పాలనావిద్యకును నిరీక్షణమునకును గల సంబంధము ఇచ్చటనే యున్నది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభింపబడిన ఉపాధి హామీ పథకమునకు మూలమైన 2005 నాటి చట్టమున ఒక నిబంధన వ్రాయబడినది: పని యడిగినవానికి 15 దినములలో పని చూపవలెను, చూపలేనిచో నిరుద్యోగ భృతి యీయవలెను. అదే సంవత్సరమున వచ్చిన సమాచార హక్కు చట్టము 30 దినములలో జవాబీయవలెననుచున్నది. మనిషి ప్రాణమునకో స్వేచ్ఛకో సంబంధించినదైనచో 48 గంటలలో. ఈ అంకెలను వ్రాసినవారు చేసిన పని చిన్నది కాదు. అడిగి నిలిచినవాని నిరీక్షణమునకు వారొక గట్టు కట్టిరి. ఆ గట్టు ఎచ్చోట తెగుచున్నదో చూచుట ఈ విద్య నభ్యసించువారి కాయకము. వరుసలో ఎన్నడును నిలువనివాడు వరుసను గూర్చి చేయు విధానము ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

అక్కడి ఉద్యోగి దరఖాస్తు పుచ్చుకొని, రసీదు ఇచ్చుటకు మొదట ఒప్పుకొనక, అమ్మాయి కదలకుండుట చూచి ఇచ్చినాడు. పని ఆనాడు కాలేదు. కాని వృద్ధురాలి చేతిలో తేదీ వేసిన కాగితమొకటి ఉన్నది. ఆమె దానిని కొంగున ముడివేసికొన్నది.

మొదటి ఉత్తరము వేకువన రాలేదు. మార్చి మొదటి వారములో, రాత్రి ఎనిమిది గంటల వేళ, యువతి జొన్నరొట్టెలు కొట్టుచుండగా వచ్చినది. నిరాకరణము. పిండి చేతులతోనే చదివి ఆమె ఏడ్చినది. తల్లి ఓదార్పబోగా అవ్వ వారించి, "ఏడ్వనీ" అని పొయ్యి ముందు తాను కూర్చుండి మిగిలిన రొట్టెలు చేసినది. ప్రసాదబుద్ధి గలవారు ఏడ్వరాదని ఏ శరణుడును చెప్పలేదు. కన్నీరు వచ్చుట వేరు, ఇచ్చినవానిపై పగబట్టుట వేరు.

తరువాతి రెండు వారములలో తక్కినవియు వచ్చినవి. మరియొకటి నిరాకరణము. ఒకదానిలో వెయిటింగు లిస్టు. రెండింటిలో ప్రవేశము, ఆ రెండింటిలో ఒకచోట ఫీజులో సగము ఉపకారవేతనము. ఇల్లంతయు పండుగయైనది. తండ్రి సంచిలోని కాగితములను మరల తీసి, ఒక యెకరము చాలునేమోనని లెక్క వేసికొన్నాడు.

వేచియుండు ఇతరులకు సంబంధించిన చిక్కు ఇచ్చటనే కలదు. అమెరికాలోని పెక్కు విశ్వవిద్యాలయములు ఏప్రిల్‌ 15వ తేదీని ఒక గడువుగా అంగీకరించినవి. ఆర్థిక సహాయముతో కూడిన ప్రవేశమునకు అంతకు ముందే జవాబీయవలెనని విద్యార్థిని ఒత్తిడి చేయరాదు. విద్యార్థి మేలు కొరకు చేసిన నియమమిది, మంచిదే. కాని దీనికి మరియొక ముఖమున్నది. ఒకడు రెండు మూడు స్థానములను పట్టుకొని కూర్చున్నంతవరకు వెయిటింగు లిస్టులోనివారు కదలరు. ఒక యింట పండుగ సాగుచున్న దినములే మరియొక యింట వేకువ మూడున్నర గంటలు.

యువతి ఎక్కడికి పోవలెనో మార్చి నెలాఖరుకే నిశ్చయించుకొన్నది: ఉపకారవేతనమిచ్చిన చోటికి. రెండవ స్థానమును విడువబోగా తండ్రి, "పదిహేనో తారీకు దాకా టైమున్నది గదమ్మా. రెండూ పట్టుకుందాం. ఎవరికేం నష్టం?" అనెను. ఆయన ఆశపోతు కాడు. ఆ మాట పలికించినది భయము. ఉపకారవేతనపు సంగతి తేలువరకు రెండింటిని ఉంచుకొనినచో తప్పు పట్టువారును లేరు. తేలిన తరువాత ఉంచుకొనుట వేరు.

అప్పుడు అవ్వ ఆయ్దక్కి మారయ్య కథ చెప్పినది. కల్యాణమున శరణుల ముంగిళ్లలో రాలిన బియ్యపు గింజలు ఏరుకొనుట ఆయన కాయకము. ఆ గింజలతోనే ఆయన భార్య లక్కమ్మ వండి జంగములకు పెట్టును. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ తెచ్చినాడు. లక్కమ్మ మూట విప్పి చూచి, ఈ పూటకు కావలసినది ఇంతే, ఈ ఎక్కువ ఎవరిదో, తీసికొని పోయి ఎక్కడ ఏరితివో అక్కడనే పోసి రమ్మన్నది. భర్త దొంగిలింపలేదు, యాచింపలేదు, నేల రాలినదే తెచ్చినాడు. అయినను ఆ తల్లి ఒప్పుకొనలేదు. పేదరాలు, రేపటికి గింజ లేనిది, ఎక్కువను గడప దాటనీయలేదు.

ఈ కథను పురాణశ్రవణములలో వినని లింగాయతులుండరు. అయితే బియ్యము వరకే దానిని వినుట అలవాటైపోయినది. ఇంటి పట్టాలో, ఉద్యోగపు జాబితాలో, రైలు బెర్తులో, కళాశాల సీటులో ఆ ఎక్కువ గింజలను చూచువారు అరుదు. తండ్రి తల వంచుకొని కొంతసేపు ఊరకుండెను. "మరి వీసా రాకుంటే?" అని మెల్లగా అడిగినాడు. "వీసా రాకుంటే రెండో సీటుకూ రాదు గద నాన్నా" అని బిడ్డ చెప్పగా ఆయన నవ్వక తప్పలేదు.

ఆ రాత్రియే ఆమె రెండవ విశ్వవిద్యాలయమునకు కృతజ్ఞత తెలిపి, స్థానమును విడిచినట్లు నాలుగు పంక్తులు వ్రాసినది. వెయిటింగు లిస్టులో నున్న మూడవ చోటునుండియు తన పేరు తొలగింపుమని వ్రాసినది. మరునాడు రెండు చోట్లనుండియు రెండేసి పంక్తుల జవాబు వచ్చినది. ఆ ఖాళీ ఎవరికి పోయినదో ఆమెకు తెలియదు, తెలియబోదు.

ప్రయాణము ఆగస్టులో. వీసా ముఖాముఖి ఇంకను కావలసియున్నది. వేకువ మూడున్నరకు ఆ యింట ఇప్పుడు ఒక దీపమే వెలుగుచున్నది. ఐదు గంటలకు మనుమరాలును లేచి స్నానము చేసి అవ్వ పక్కన కూర్చుండుచున్నది. వీధి చివరి వృద్ధురాలికి పింఛను ఇంకను మొదలు కాలేదు. రసీదుపై వేసిన తేదీ దాటిపోయినది. సోమవారము కలెక్టరు కార్యాలయమున ప్రజావాణి జరుగును. ఆ కాగితమును కొంగు ముడినుండి విప్పి భద్రముగా తెచ్చుకొమ్మనియు, మొదటి బస్సునకే పోవలెననియు యువతి ఆమెకు చెప్పి వచ్చినది.